చిన్నప్పటి నీళ్ళు

పిల్లవాడి చేతికి యోగేష్ నోటి అద్దం ఇచ్చాడు.

"ముందు నా పళ్ళు నువ్వు చూడు. తర్వాత నీ పళ్ళు నేను చూస్తాను. సరేనా?"

వాడు బెంచీ ఎక్కి, డాక్టరు నోట్లోకి తల దూర్చినంత పని చేసి, "సార్, లోపల పుచ్చుపన్ను ఉండాది!" అని అరిచాడు. వరసలో నిలబడ్డ పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. వాళ్ళతో పాటు వినుత కూడా నవ్వింది.

భువన పిల్లల్ని వదిలేసి ఆ నవ్వు వైపే చూసింది.

కృష్ణగిరి దాటాక మట్టిదారిలో చాలాసేపు పోతే వస్తుంది ఆ ఊరు. బడి వరండాలో రెండు బెంచీలు, ఒక కుర్చీ వేశారు. దూరంగా రోడ్డు మీద మామిడికాయల లారీలు గుజ్జు ఫ్యాక్టరీలకి పోతున్నాయి. గాలి తిరిగినప్పుడల్లా పండు వాసన, దాని వెనకే మురిగిన పండు వాసన వస్తున్నాయి. యోగేష్ పన్ను పన్నుకీ, మచ్చ ముదిరేకొద్దీ పెద్ద అంకెగా, గ్రేడు చెప్తున్నాడు, భువన రాసుకుంటోంది. ఆ రాసే పని రోజూ నాగక్కది. హోసూరు ఆరోగ్య కేంద్రంలో ఫీల్డు పనికి వచ్చేవాళ్ళలో ఆమే పెద్దది. ఇవాళ బెంగళూరు నుంచి వినుత వస్తోందని భువన నాగక్కని లేపి తను కూర్చుంది. కూర్చున్న కాసేపటికే అది తెలివితక్కువ పని అని తెలిసిపోయింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు నోరు తెరిపించేవాడి చేతుల్ని చూస్తారు, రాసే చేతిని ఎవరు చూస్తారు?

కొందరి పళ్ళు సుద్ద పూసినట్టున్నాయి. కొందరివి అడ్డంగా గోధుమరంగు గీతలు గీసినట్టున్నాయి. బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువైన ఊళ్ళలో పిల్లల పళ్ళు చూస్తే చాలు, నీటి సంగతి చెప్పేస్తాయి. పెద్దవాళ్ళయితే వంగమంటే వంగలేరు, గడ్డం ఛాతీకి ఆనించమంటే ఆనదు. ఈ ఊళ్ళని వెతికి పట్టుకున్నది భువన. ఏడేళ్ళుగా ప్లాస్టిక్ సీసాలు సంచిలో వేసుకుని తిరుగుతోంది. యోగేష్ దంతవైద్యుడు. భార్య దివ్యశ్రీకి హోసూరు మోటారు కంపెనీ ఆఫీసులో ఉద్యోగం వస్తే ఆమె వెంట విజయనగరం నుంచి వచ్చి, ఇక్కడ చేరి మూడేళ్ళు.

ఇప్పుడు వినుత ఐదేళ్ళ పెద్ద అధ్యయనం మొదలుపెడుతోంది. ఒక్కో జిల్లాలో ఒక్కరిని తన పక్కన సమానంగా నిలబెట్టుకుంటుంది. ప్రశ్నలు కలిసి తయారుచేస్తారు, రాసే ప్రతి వ్యాసంలో ఇద్దరి పేర్లూ పక్కపక్కన ఉంటాయి. కొత్తగా ఏర్పడ్డ ఈ జిల్లాకి ఎవరన్నది తేల్చుకోవడానికే ఇవాళ వచ్చింది.

తేల్చుకోవడానికి ఏముందని భువన ఉద్దేశం. వినుతది కోలారు. వైద్యకళాశాలలో తనకి రెండేళ్ళు సీనియర్. హాస్టల్లో ఒకే ఊరగాయ జాడీ, ఒకే దువ్వెన. ఇద్దరికీ నోట్లోంచి వచ్చే యాస కూడా ఒకటే. బెంగళూరులో ఎవరెవరు ఎవరెవరితో కలిసి పనిచేస్తారో భువన చూస్తూనే ఉంది. ఒకే గురువు శిష్యులు, ఒకే హాస్టల్ వాళ్ళు, సెమినార్లలో ఒకే బల్ల దగ్గర భోంచేసేవాళ్ళు. ఆ లెక్కన తనకంటే దగ్గరివాళ్ళు వినుతకి ఈ జిల్లాలో ఎవరూ లేరు.

మధ్యాహ్నం భువన ఇంటి నుంచి తెచ్చిన క్యారియర్ విప్పింది. సంగటి, ఊరుబిండి పచ్చడి, పక్కన నెయ్యి. హాస్టల్లో దానికోసం వినుత ఎంత కలవరించేదో గుర్తుపెట్టుకుని తెల్లారకముందే లేచి చేసింది.

"అయ్యో భువనా, సంగటే! నువ్వింకా మరిచిపోలేదే!" అంది వినుత. ఆ ఒక్కమాటకే భువనకి పొద్దుటి చిరాకంతా దిగిపోయింది.

సరిగ్గా అప్పుడే యోగేష్ తన టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"మేడమ్, ఒక్క మాట. మీ పద్ధతిలో పన్ను తుడవకుండా చూడమన్నారు. తడిమీద తెల్లమచ్చ కనపడదండి. దూదితో ఆరబెట్టి చూడాలి."

"అన్ని వేల మందికి తుడుస్తా కూచుంటే ఎప్పుడయ్యేది డాక్టరూ?"

"అన్ని వేల మందిని తప్పుగా చూసేసి ఏం చేసుకుంటామండి?"

భువనకి లోపల చిన్న సంతోషం మెదిలింది. చెడగొట్టుకుంటున్నాడు. వచ్చిన పెద్దమనిషితో, మొదటిరోజే, అన్నం ముందు పెట్టుకుని వాదన! కానీ వినుత ముఖం చూస్తే కోపం లేదు. ముందుకు వంగింది. "దూదితో ఎంతసేపు ఆరబెడతావు? గాలికి వదిలితే చాలదా?" అంటోంది. ఆమె వేళ్ళ మధ్య సంగటి ముద్ద అట్లాగే ఉండిపోయింది. ఊరుబిండి నూనె మణికట్టు దాకా కారుతోంది. భువన ఆ చేతినే చూస్తూ కూర్చుంది. ముద్ద పైన పొర కట్టడం, పగలడం దాకా చూసింది. చివరికి వినుత దాన్ని ఆకులో పెట్టి, ఎడమచేత్తో పెన్ను తీసుకుని, యోగేష్ డబ్బా మూత మీద ఏదో గీయడం మొదలుపెట్టింది.

తిరుగు ప్రయాణంలో వినుత జీపు వెనకాల ఎక్కింది. "భువనా, నువ్వు ముందర సుఖంగా కూచో, మేము ఈ తడీపొడీ తేల్చుకోవల్ల," అంది. భువన డ్రైవరు లక్ష్మణప్ప పక్కన కూర్చుంది. ఇంజను మోతలో వెనకాల మాటలు వినపడవు, నవ్వులు మాత్రం వినపడతాయి. లక్ష్మణప్ప డెంకణికోట పక్క ఏనుగులు పనసతోటలో పడిన కథ మొదలుపెట్టాడు. ఆమె ఊ కొట్టకపోవడం చూసి అద్దంలోకి ఒకసారి చూశాడు.

"మన యోగేష్ సారు పట్టుకున్నాడంటే వదలడమ్మా. ఆయమ్మ బెంగుళూరు పొయ్యేకి రేపయితాది."

"రోడ్డు చూసి నడుపప్పా," అంది భువన.

హోసూరు బస్టాండు దగ్గర వినుత దిగింది. బ్యాగు భుజానికి వేసుకుని, భువన చెయ్యి పట్టుకుని కొంచెం పక్కకి తీసుకుపోయింది.

"ఎల్లుండి ఫోన్ చేస్తాను. నిన్నొక మాట అడగల్ల."

"అడుగక్కా. ఇప్పుడే అడుగు."

"ఇట్ల నిలబడి అడిగే మాట కాదులే."

బస్సు కదిలేదాకా భువన అక్కడే నిలబడింది. నవ్వింది కూడా, పెదాలు విడవకుండా. ఆమె నవ్వు ఎప్పుడూ అంతే. మరీ నవ్వొస్తే చేతివేళ్ళు వాటంతట అవే నోటి మీదికి పోతాయి.

మర్నాడంతా ఫోన్ చుట్టూనే గడిచింది. ఎల్లుండి అన్న మనిషి రేపే చెయ్యదని తెలుసు. అయినా నీళ్ళ సీసాలు సర్దే పని ముందు గదిలో పెట్టుకుంది. సీసాలన్నీ ఊరివారీగా నిలబెట్టి, మూత బిగుతుగా ఉందో లేదో ఒక్కొక్కటీ తలకిందులు చేసి చూస్తోంది. యోగేష్ వచ్చాడు, పోయాడు. అతని ముఖంలో ఏదైనా తేడా ఉందా? ఉన్నట్టే ఉంది. కూనిరాగం తీస్తున్నాడు. రోజూ తీస్తాడేమో, తను ఇంతకుముందు గమనించలేదేమో. ఒక మనిషిని ఇంత శ్రద్ధగా చూసి ఎన్నాళ్ళయింది? అతని చొక్కా చేతులు మడిచే తీరు, టీ గ్లాసు కిటికీ మీద పెట్టి మరిచిపోయే అలవాటు, పిల్లల పేర్లు ఒకసారి వింటే గుర్తుండిపోవడం. ఇష్టపడ్డవాళ్ళని చూసినట్టు చూస్తోంది. ఆ పోలిక తట్టగానే ఆమె సీసాల వైపు తిరిగి కూర్చుంది.

నాగక్క చీపురు పట్టుకుని గదిలోకి వచ్చింది.

"భువనమ్మా, నిన్న సాయంత్రం యోగేష్ సార్ ఇంటికి బెంగుళూరమ్మ ఫోన్ చేసిందంట గదా. దివ్యశ్రీ చెప్పింది, పూలంగడి దగ్గర కనిపించి. వాళ్ళిద్దరూ మాట్లాడతా ఉంటే చారు మాడిపోయిందంట!"

చారు ఎక్కడైనా మాడుతుందా అని నవ్వాలి. నాగక్క ఆ నవ్వు కోసమే ఆగింది. భువన ఒక సీసా తలకిందులు చేసింది. మూత సరిగ్గా లేదు. నీళ్ళు ఒళ్ళో పడ్డాయి.

చెప్పిన రోజునే, చెప్పిన పూటకే వినుత ఫోన్ చేసింది. భువన మూడో మోత దాకా ఆగి ఎత్తింది.

"భువనా, పక్కన ఎవురైనా ఉండారా?"

"లేరక్కా. చెప్పు."

"యోగేష్ ఎట్లాంటోడు? నువ్వు మూడేండ్లుగా చూస్తా ఉండావు. నాతో ఐదేండ్లు నిలబడతాడా?"

ఆ ప్రశ్న పూర్తయ్యేలోపలే భువనకి అంతా అర్థమైపోయింది. ఇట్లాంటి పనుల్లో మనుషుల్ని ఎంచుకునేది ఇట్లాగే. డిగ్రీలు, వ్యాసాలు చూసింది చూశాక, తెలిసినవాళ్ళకి ఒక ఫోన్ చేస్తారు. ఎట్లాంటోడు అని అడుగుతారు. అవతల ఒక్క క్షణం ఆగితే చాలు, మనిషి పని అయిపోతుంది. తనూ అట్లా ఒకరిద్దరి గురించి ఆగింది. ఈసారి ఆ ప్రశ్న తనవైపు వస్తుందని కాచుకుని కూర్చుంటే, తన ద్వారా పక్కవాడి వైపు పోయింది.

ఆగుదామనే అనుకుంది. కానీ ఉత్త మౌనం మరీ నీచంగా తోచింది. అబద్ధం చెప్పడం ఆమెకి చేతకాదు. నిజాల్లోంచే ఒకటి ఏరుకుంది.

"చెయ్యి మంచిదక్కా. బిడ్డలు భయపడరు. అయితే పనిని ముందరికి పోనీడు. పోయినేడు ఊళ్ళన్నీ అయిపోయినాయి, రిపోర్టు రాసేకి కూచున్నాము. అప్పుడొచ్చి అంతా మళ్ళా అడగల్ల అన్నాడు. ఒక పంటకాలమంతా పోయింది. పైవాళ్ళకి నేను క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది."

"ఏమని అడగల్ల అన్నాడు?"

"చిన్నప్పుడు యాడి నీళ్ళు తాగినారు అని. ప్రతి బిడ్డనీ, ప్రతి తల్లినీ."

వైర్లలో గాలి శబ్దం.

"ఆ ప్రశ్న... అది ఎవురికి తట్టింది భువనా?"

"ఆయప్పకే. ఆ తలనొప్పంతా ఆయప్పదే."

"నీదేం లేదా దాంట్లో?"

"నాకేం సంబంధం లేదక్కా. నేను వద్దే అన్నాను."

"నిజంగానా?"

"నిజంగానే. కావాలంటే నాగక్కని అడుగు."

మళ్ళీ గాలి శబ్దం. "సరే. నువ్వు చెప్పింది మంచిదయింది," అని వినుత పెట్టేసింది.

రిసీవరు పెట్టాక చెయ్యి తేలికయింది. ఆమె కిటికీ తెరిచింది. రోడ్డు మీద షేర్ ఆటోవాడు "బాగలూర్, బాగలూర్!" అని కేకలు పెడుతున్నాడు. ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు అని తనకి తాను చెప్పుకుంది. తర్వాత టీ తెప్పించుకుంది. టీ గొంతులో దిగుతుంటే, తనని ఎవరూ ఏమీ అడగకపోయినా ఆ మాటనే మళ్ళీ చెప్పుకుంటున్నట్టు గమనించింది.

ఆదివారం బాగలూరు పోయింది. ఇంటి వెనకాల చేమంతి తోటలో అమ్మ వెంకటసుబ్బమ్మ, ఇద్దరు కూలీ ఆడవాళ్ళు పూలు కోస్తున్నారు. భువన కూడా ఒడి కట్టుకుని సాలులో దిగింది. పూవు కింద రెండువేళ్ళు పెట్టి, బొటనవేలితో తుంచాలి. కాడ పొడుగయితే మండీలో ఏడిపిస్తారు. చెయ్యి ఆ పనిలో పడితే బుర్ర ఆగుతుందని వచ్చింది. ఆగలేదు. ప్రతి పూవుకీ వినుత "నిజంగానా?" అని అడిగింది.

ఇంట్లోంచి ఏడుపు వినపడింది. అన్న కూతురు చిన్ని. పుట్టినప్పటి నుంచి తల్లిగారి ఊళ్ళో అమ్మమ్మ దగ్గరే పెరిగింది. నాలుగేళ్ళు నిండాయని, ఇక బళ్ళో వెయ్యాలని, పోయిన వారమే తెచ్చారు. వదిన గ్లాసుతో నీళ్ళు పట్టుకుని వెనకాల తిరుగుతోంది.

"ఈ నీళ్ళు వొద్దు! సప్పగా ఉండాయి! అవ్వూరి నీళ్ళు కావల్ల!"

కూలీ ఆడవాళ్ళు నవ్వారు. వెంకటసుబ్బమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఇదీ దీని అత్త మాదిరే. నువ్వూ ఇట్లే యాడ్చినావు గదే! రాయకోట అవతల నించి నిన్ను తెచ్చినప్పుడు వారం దినాలు గొంతులో నీళ్ళు దించలేదు. మీ నాయన మళ్ళా పొయ్యి బిందెతో ఆ నీళ్ళు మోసుకొచ్చినాడు, బిడ్డ ఎండిపోతాదని."

"మన పక్క అందురూ అంతే గదమ్మా," అంది కూలీ ఆమె. "మొదటి ఆడబిడ్డ అవ్వూరి బిడ్డే."

భువన ఒడిలో చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

పోయినేడు ఒక మధ్యాహ్నం. నాగక్క ఎవరినో అనుకరిస్తూ నడిచి చూపించింది. భువన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి పకపకా నవ్వింది. ఎదురుగా టీ తాగుతున్న యోగేష్ నవ్వడం ఆపేశాడు. ఆమె నోటి వైపే చూస్తున్నాడు. "మేడమ్, మీది బాగలూరు కదండీ? అక్కడి నీళ్ళు మంచివే. పుట్టి పెరిగిందంతా అక్కడేనా?" అన్నాడు. "ఐదేళ్ళ దాకా అమ్మమ్మ ఊళ్ళో. ఏల?" అని ఆమె కటువుగా అంది. అతను గ్లాసు కిటికీ మీద పెట్టి లేచాడు. మర్నాడు ఫారాలన్నీ నేల మీద పరుచుకుని కూర్చున్నాడు. ముందుపళ్ళు బయటికి రాకముందే, చిగురు లోపల ఉన్నప్పుడే మచ్చ పడిపోతుంది మేడమ్, ఆ తర్వాత ఏ నీళ్ళు తాగినా పోదు, మనం మాత్రం పిల్ల ఇప్పుడు ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి బోరుకి కట్టేశాం అన్నాడు. నిజమే. మంచినీళ్ళ ఊళ్ళో మచ్చల పళ్ళు, చెడ్డనీళ్ళ ఊళ్ళో తెల్లటి పళ్ళు ఎందుకున్నాయో ఆ ఒక్క ప్రశ్నతో విడిపోయింది. బిడ్డల్ని అట్లా అమ్మమ్మల దగ్గర వదలడం అతని వైపు అలవాటు లేదు, అతనికి తెలియకపోవడం సహజం. తనకి తెలుసు. తను అట్లా పెరిగిన పిల్లే. ఏడేళ్ళు ఆ ఊళ్ళు తిరిగి, ఆ నోళ్ళన్నీ చూసి, ఆ ప్రశ్న అడగలేదు. అడిగితే ముందు తను జవాబు చెప్పుకోవాలి గదా!

అతని మీద కోపం పంటకాలం పోయినందుకు కాదని చేమంతి సాలులో కూర్చున్న భువనకి మొదటిసారి తెలిసింది. అతను ఆ రోజు తన పళ్ళు చూశాడు. అంతే. చూసి, చూడనట్టు ఊరుకోకుండా, దాన్నొక ప్రశ్న చేశాడు. అతని ప్రశ్న తన నోట్లో పుట్టింది.

ఇంట్లోకి పోయి ఫోన్ ఎత్తింది. వినుత ఇంటి నంబరు నోటికి వచ్చు. సగం నొక్కింది. ఏమని చెప్పాలి? ఆ ప్రశ్న నాది అనాలా? నాదే, నాకు తెలియకుండా నాది అనాలా? మరి మొన్న నాకేం సంబంధం లేదన్నావే అంటే? దాన్నొక తప్పుగా నువ్వే గదా చెప్పావు అంటే? రిసీవరు పెట్టేసింది. గడప దగ్గర చిన్ని నిలబడి, గ్లాసులో నీళ్ళు నాలుక చివరతో రుచి చూసి ముఖం ముడుచుకుంటోంది.

సోమవారం ఆఫీసుకు పోయేసరికి యోగేష్ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. షర్టు ఇస్త్రీ చేసి ఉంది.

"కూర్చోండి మేడమ్."

"చెప్పండి యోగేష్."

"నిన్న వినుతగారు ఫోన్ చేశారు. నన్ను తీసుకుంటున్నారట."

అనుకున్నదే. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. తను ఏరుకుని చెప్పిన ఆ ఒక్క తప్పు వినుతకి తప్పుగా కనపడలేదన్నమాట. మళ్ళీ మొదటికి వెళ్ళి అడిగే మనిషే ఆమెకి కావాలి. "సంతోషం," అంది. మాట బాగానే వచ్చింది.

యోగేష్ కూర్చోలేదు. చేతిలో టీ గ్లాసు తిప్పుతున్నాడు.

"మీకో సంగతి చెప్పాలండి. ఆవిడ వచ్చిపోయిన సాయంత్రమే ఫోన్ చేసి, ఆ నీళ్ళ ప్రశ్న ఎలా తట్టిందని అడిగారు. నేను ఉన్నదే చెప్పాను. అది నాది కాదండి, భువన మేడమ్ అమ్మమ్మగారి ఊళ్ళో పెరిగానని చెప్పబట్టే తట్టింది, ఈ ఊళ్ళ సంగతి నాకేం తెలుసు, మీరు ఆవిడనే తీసుకోండి, నేను పళ్ళు చూసిపెడతాను అన్నాను. ఆవిడ కూడా, నేనూ భువననే అనుకుంటున్నాను, ఒకసారి తననే అడుగుతాను అన్నారు."

భువన అతని గ్లాసునే చూస్తోంది. గ్లాసు తిరగడం ఆగింది.

"మీరేమో అంతా నాదేనన్నారట. మీకేం సంబంధం లేదన్నారట!" అతను గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "ఎవరంటారు మేడమ్ అలాగ? ఈ లైనులో కామా పెట్టినవాడు కూడా పేరు కావాలంటాడు. రాత్రి దివ్యశ్రీ ఏమందో తెలుసా? నీకు అక్కచెల్లెళ్ళు లేరని ఏడుస్తావు కదా, ఇక ఏడవకు అంది."

"వినుతక్క ఇంకేమన్నా చెప్పిందా?"

"ఇంకేం లేదండి. 'భువన అట్లనే చెప్పింది' అన్నారు. మళ్ళీ పెట్టేసేముందు కూడా అదే అన్నారు, 'భువన అట్లనే చెప్పింది' అని."

ఆ రెండోసారి అన్నప్పుడు వినుత గొంతు ఎట్లా ఉండి ఉంటుందో భువనకి వినపడింది. హాస్టల్లో ఒకే దువ్వెనతో తల దువ్వుకున్న మనిషి. మాట వెనకాల ఏముందో ఆమెకి ఫోన్లోనే తెలిసిపోయి ఉంటుంది. తెలిసి కూడా, యోగేష్‌కి మాట మాత్రమే చేర్చింది. వెనకాలది తన దగ్గరే ఉంచుకుంది.

"నేను మళ్ళీ మాట్లాడనా ఆవిడతో? మీ పేరు కూడా పెట్టమంటాను," అన్నాడు యోగేష్.

"వద్దు." అది గట్టిగా వచ్చింది. "నేను... యోగేష్, నేను మంచికని చెప్పలేదు."

"తెలుసండి. నిజమని చెప్పారు. అదే కదా నేననేది."

అతను మెత్తగా నవ్వాడు. తిట్టినా బాగుండేది. తిట్టే మనిషి మీద అసూయ పడొచ్చు.

లోపలి గదిలో నాగక్క కుర్చీ కిటికీ వెలుగుకి తిప్పుతోంది. అధ్యయనం మొదలుకాకముందు ఒక పని ఉంది. కృష్ణగిరి నుంచి ప్రసాదు అని ఇంకో దంతవైద్యుడు వస్తాడు. యోగేష్, అతను ఒకే నోరు విడివిడిగా చూడాలి. ఇద్దరూ ఒకే గ్రేడు చెప్పేదాకా ఆ నోరే మళ్ళీ మళ్ళీ చూడాలి. పళ్ళు పెద్దవాళ్ళవి కావాలి, చిన్నప్పుడు ఏ ఊళ్ళో ఏ నీళ్ళు తాగారో ఖాయంగా తెలిసి ఉండాలి. అతను వచ్చేలోగా యోగేష్ ఒకసారి చూసి పెట్టుకుంటానన్నాడు.

"నాగక్కా, నువ్వు కూర్చో," అన్నాడు.

"నావి వక్కాకు పళ్ళు సార్! ఆ ఎరుపులో మీకు మచ్చ యాడ కనిపిస్తాది? లక్ష్మణప్పని పిలవమంటారా?"

"నాకు పైవరస లేదు తల్లీ, నన్నిడిచిపెట్టు," అని బయటి నుంచి లక్ష్మణప్ప అరిచాడు.

నాగక్క నవ్వింది. యోగేష్ నవ్వాడు. భువన చేతివేళ్ళు పెదాల దాకా లేచాయి. అక్కడ ఆగాయి. ఆమె వాటిని కిందికి దించి, పోయి కుర్చీలో కూర్చుంది.

"నావి చూడండి," అంది.

యోగేష్ కొంచెంసేపు ఆమె ముఖం చూశాడు. తర్వాత అలవాటుగా నోటి అద్దం పిడి ఆమె వైపు చాపాడు. "ముందు మీరు నావి చూడాలి మేడమ్. రూలు."

ఆమె అద్దం తీసుకుంది. అతను వంగి నోరు తెరిచాడు. కిటికీ వెలుగులో, లోపల కుడివైపు, ఆ పిల్లవాడు చెప్పిన పుచ్చుపన్ను కనపడింది. పక్కపళ్ళు తెల్లగా, పాలు పోసినట్టు ఉన్నాయి. చాలాసేపు చూసింది. అద్దం తిరిగి ఇచ్చి, తల వెనక్కి వాల్చింది.

దూది ఉండలు పెదవికీ చిగురుకీ మధ్య పెట్టాడు. నోరు ఎండిపోతోంది. పళ్ళ మీద గాలి చల్లగా తగులుతోంది. ఎన్నేళ్ళుగానో ఎవరికీ చూపించని పళ్ళు అట్లా ఆరుతుంటే, ఆ మచ్చలు ఒక్కొక్కటీ తెల్లగా తేలి రావడం ఆమెకి కనపడకపోయినా తెలుస్తోంది. యోగేష్ టార్చి దగ్గరికి తెచ్చాడు. అతని ముఖంలో జాలి లేదు, కృతజ్ఞత కూడా లేదు. పిల్లల నోళ్ళు చూసేటప్పుడు ఉండే ఆ ముఖమే ఉంది.

"పైవరస, కుడి, ముందుపన్ను, నాలుగు."

భువన కుడిచెయ్యి కుర్చీ చేతి మీద కదిలింది, పెన్ను కోసం. పెన్ను నాగక్క దగ్గర ఉంది.

"పక్కపన్ను, నాలుగు. దాని పక్కది, మూడు."

నాగక్క రాసుకుంది. వరస పూర్తయ్యాక, ఫారంలో తర్వాతి గడి వచ్చేసరికి, రోజూ పిల్లల్ని అడిగే గొంతుతోనే అడిగేసింది.

"చిన్నప్పుడు యాడి నీళ్ళు తాగినావు?"

అడిగి నాలుక కరుచుకుంది. "అయ్యో, తప్పయిపోయిందమ్మా! అలవాటున..."

భువన దూది తీసి చేతిలో పట్టుకుంది.

"రాయకోట అవతల," అంది. "మా అవ్వూరు."

నాగక్క తలవంచుకుని రాస్తోంది. ఆమె రాయడం అయ్యేదాకా భువన పెదాలు మూసుకోలేదు.